బాత్రూమ్ బాగు చేయించిన లెక్క, రూపాయితో సహా



ఈసారి పంట గురించి కాదు, పురుగు మందుల గురించి కాదు. మా ఇంటి బాత్రూమ్ గురించి రాస్తున్నా. నవ్వుకోకండి. ఎకరా మిరపకి పెట్టుబడి ఎంతయిందని నిద్రలో లేపి అడిగినా మనం చెప్తాం. నారుకెంత, కోతలకెంత, గ్రేడింగుకెంత, అన్నీ నోటి మీదే ఉంటాయి. అదే బాత్రూమ్ బాగు చేయించాలంటే ఎంతవుద్ది అని అడగండి, "ఏముంది, ఓ ముప్పై నలభై వేలు" అంటాం. నేనూ అట్లాగే అనుకున్నా. చివరికి 73,500 అయింది. ఆ లెక్క మీకు చెప్తా. కానీ అది ఎందుకు చేయించాల్సి వచ్చిందో ముందు చెప్పాలి. చెప్పటానికి కాస్త సిగ్గుగానే ఉంది.

మాది పల్నాడు. ఇంటి వెనక దొడ్లో లెట్రిన్ ఒకటి, స్నానాల గది ఒకటి, పక్కపక్కనే. స్వచ్ఛ భారత్ వచ్చిన కొత్తల్లో ప్రభుత్వం ఇచ్చిన 12 వేలకి నేనింకో 8 వేలు కలిపి కట్టించినవి. కింద నాపరాళ్లు, పైన రేకులు, కూర్చునే బేసిన్. వంటింటి తలుపు దాటి మూడు మెట్లు దిగి, పదిహేను అడుగులు నడిస్తే వస్తుంది. ఆ రోజుల్లో చెంబట్టుకుని చేలకి పోయే బాధ తప్పిందని మా అమ్మే అందరికంటే ఎక్కువ సంతోషపడింది.

అమ్మకి ఇప్పుడు 78 ఏళ్లు. నాలుగైదేళ్ల నుంచి మోకాళ్లు అరిగిపోయాయి. కూర్చుంటే లేవలేదు. నాపరాయి తడిస్తే ఎట్లా జారుద్దో మీకు చెప్పక్కర్లేదు. "ఒరే, ఆ కుర్చీలాంటిది పెట్టించరా" అని రెండు మూడు సార్లు అంది. "ఈసారి మిరప డబ్బు రానీయమ్మా" అన్నా. 2023లో రేటు బాగానే వచ్చింది, క్వింటా ఇరవై వేలు దాటింది. ఆ డబ్బుతో ఏం చేశానో తెలుసా? ముందు గదికి గ్రానైట్ పరిపించా. ఇంటికి వచ్చినోళ్లు చూసేది ముందు గదే కదా మరి. దొడ్లో బాత్రూమ్ ఎవరు చూస్తారు?

2025 మార్చిలో అమ్మకి చలి జ్వరం పట్టింది. ఊళ్లో ఆర్‌ఎంపీ చేత రెండు రోజులు సూదులు వేయించాం, తగ్గలా. మూడో రోజు మనిషి మాటలు తేడాగా మాట్లాడుతుంటే కారు కట్టించుకుని టౌనుకి తీసుకుపోయాం. మూత్రంలో ఇన్ఫెక్షన్, అది బాగా ముదిరింది అన్నారు. నాలుగు రోజులు ఉంచారు. పరీక్షలు, మందులు, మంచం, కారు బాడుగ అన్నీ కలిపి 26 వేలు అయింది.

మూడో రోజు డాక్టరమ్మ వచ్చి, "ఏం పెద్దమ్మా, నీళ్లు సరిగ్గా తాగట్లేదా?" అని అడిగింది. అమ్మ నా వైపు చూళ్లేదు. ఆవిడతోనే మెల్లగా చెప్పింది. "తాగితే మళ్లీ లేచి పోవాలి కదమ్మా. రాత్రిపూట మెట్లు దిగలేను. వాళ్లని లేపటం ఎందుకని సాయంత్రం నాలుగు తర్వాత తాగను" అంది.

నేను పక్కనే నిలబడున్నా. ఎన్నాళ్ల నుంచి అట్లా చేస్తుందని అడిగితే మా ఆవిడ చెప్పింది, రాత్రి మజ్జిగ కూడా మానేసి రెండేళ్లు దాటిందని. అరగట్లేదేమో అనుకున్నామట. మిరప తోటలో ఆకు కాస్త ముడుచుకుంటే తడి తక్కువైందేమో అని అర్ధరాత్రి కరెంటు ఇచ్చినా పోయి మోటారు వేసొచ్చిన మనిషిని. ఇంట్లో అమ్మ నీళ్లు తాగట్లేదని నాకు తెలీలా.

ఇంటికి రాగానే మేస్త్రిని పిలిపించా. రేటు చూస్తే ఆ ఏడాది అధ్వానం. కేంద్రం 11,781 ధర ప్రకటించింది గానీ, నా కాయకి క్వింటాకు 11 వేలు పడింది. కోల్డ్ స్టోరేజీలో ఉన్నవాటిలో 18 టిక్కీలు తీసి అమ్మా. కమీషను, అద్దె, కాటా కూలి పోను చేతికి 78 వేలు వచ్చింది. రేటున్న ఏడాది చేయించి ఉంటే పది టిక్కీలతో అయిపోయే పని. ఆలస్యానికి వడ్డీ ఇట్లా కూడా కట్టాల్సి వస్తుంది.

ఇక లెక్క. రెండు గదుల మధ్య గోడ తీసేసి ఒకే గది చేశాం. 7 అడుగులు పొడుగు, 5 అడుగులు వెడల్పు.

గోడ, పాత నేల, బేసిన్ పగలగొట్టి బయటేయటానికి ఇద్దరు కూలీలు, రెండు రోజులు: 2,800.
సిమెంటు 10 బస్తాలు: 3,500.
ఇసుక: 3,500. ఇసుక ఉచితమే, ట్రాక్టరు బాడుగ ఉచితం కాదు కదా.
టైల్స్, గోడకి 165 చదరపు అడుగులు, నేలకి 40, తరుగుతో కలిపి: 8,800.
మేస్త్రి రోజుకి 1,100, ఆయనకి అందించే కూలి 700, ఎనిమిది రోజులు: 14,400.
కమోడు, వెనక నీళ్ల డబ్బాతో: 5,800.
పైపులు, కుళాయిలు, చేతి స్ప్రే, జాలీ: 7,400.
ప్లంబరు కూలి: 5,500.
తలుపు, ఫ్రేముతో: 4,800. పాత చెక్క తలుపు కింద పుచ్చిపోయింది.
పట్టుకునే స్టీలు రాడ్లు మూడు: 2,100.
వైరు, లైట్లు, స్విచ్చి, పని కూలి: 2,200.
కొత్త గుంట తవ్వుడు, సిమెంటు ఒరలు ఎనిమిది, మూత, చాంబరు: 8,200.
మెట్లు తీసేసి వాలుగా కట్టిన దారి: 3,000.
ఆటోలు, టీలు, చిల్లర: 1,500.

మొత్తం 73,500. మేస్త్రి ముందు చెప్పింది 40 వేలు. ఆయన మోసం చేశాడని నేననను. ఆయన కంటికి కనపడేదానికి చెప్పాడు. తలుపు, కరెంటు, రాడ్లు, గుంట, వాలు దారి ఆ 40 వేలలో లేవు. వాటికే 20,300 అయింది. నేల పగలగొట్టాక పాత పైపు చిట్లి ఉందని తేలింది, దానికి కొత్త పైపు, ఇంకో రెండు రోజుల కూలి. మేస్త్రి 40 వేలంటే మీరు 70 వేలు దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి. మధ్యలో ఆగిపోతే ఇంటిల్లిపాదికీ ఇబ్బంది. మాకు పన్నెండు రోజులు పట్టింది. అన్నాళ్లూ పక్కింటి వదినగారే వాళ్ల బాత్రూమ్ వాడుకోమన్నారు. ఆ సాయం ఈ లెక్కలో రాయలేను.

నేను చేసిన తప్పులు, మీకు ఉపయోగపడతాయని చెప్తున్నా.

కమోడు కొనటానికి కొలత లేకుండా పోకండి. మురుగు కింద నేలలోకి పోయేది ఒక రకం, దాన్ని ఎస్ ట్రాప్ అంటారు. వెనక గోడలోకి పోయేది ఇంకో రకం, పి ట్రాప్. నేలలో పైపు ఉంటే గోడ నుంచి ఆ పైపు మధ్యకి ఎన్ని అంగుళాలో కొలుచుకుని పోవాలి. నేను పి ట్రాప్ తెచ్చి, మళ్లీ ఆటో కట్టించుకుని పోయి మార్చుకొచ్చా.

టైల్స్ దుకాణంలో ముందు నిగనిగలాడేవి చూపిస్తారు. గోడకి ఏదైనా పర్లేదు, నేలకి మాత్రం గరుకువే తీసుకోండి. నేను చెప్పులు విప్పి, టైలు మీద నీళ్లు పోయించుకుని పాదం రుద్ది చూశా. కుర్రాడు నవ్వాడు. నవ్వితే నవ్వనీయండి.

టైల్స్ వేసిన మర్నాడు, సందులు పూడ్చకముందే ఒక బకెట్ నీళ్లు పారబోసి చూడండి. నీరు జాలీ వైపు పోవాలి. మాకు ఒక మూల నిలబడింది. నాలుగు టైల్స్ తీసి మళ్లీ వేయించా. కాలవకి వాలు చూసుకునే మనకి ఇది పెద్ద విద్య కాదు, అడగటానికి మొహమాటపడతాం అంతే.

కమోడు ఎత్తు, రాడ్ల చోటు మేస్త్రి చెప్పినట్టు కాదు, వాడే మనిషిని బట్టి పెట్టించండి. అమ్మ రోజూ కూర్చునే కుర్చీ ఎత్తు కొలిచి, కమోడు కింద మూడంగుళాల దిమ్మె కట్టించా. ఆ కుర్చీ లోపల వేసి అమ్మని కూర్చోబెట్టి, లేచేటప్పుడు చెయ్యి ఎక్కడికి పోతుందో అక్కడ సుద్దముక్కతో గీత గీశా. రాడ్లు అక్కడే బిగించారు. టైలుకి కాదు, వెనక గోడలోకి దిగేట్టు పొడుగు బోల్టులు వేయించండి. తలుపు బయటికి తెరుచుకునేట్టు పెట్టించండి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరిచే తలుపు తెరవలేం.

గుంట సంగతి. మాకు ముందు ఒకటే గుంట ఉండేది. వానాకాలం నిండిపోయి నీళ్లు దిగేవి కావు. ఇప్పుడు రెండోది తవ్వించి, మధ్యలో చాంబరు కట్టించాం. ఒకటి నిండితే దానికి పోయేది మూసి రెండో దాంట్లోకి మళ్లించొచ్చు. మూసిన గుంటని రెండేళ్లు కదపకుండా వదిలేస్తే లోపలిది మట్టిలాగా అయిపోద్ది, చేలో ఎరువుగా వేసుకోవచ్చు. బోరుకి మాత్రం కనీసం 33 అడుగుల దూరం ఉండాలి. మాది 40 ఉంది.

డబ్బు లేకపోతే ఎట్లా అంటారా? అన్నీ ఒక్కసారే చేయించక్కర్లేదు. ఇప్పుడు నాకు అర్థమైంది ఏంటంటే, ఈ 73,500లో అమ్మకి ముందుగా కావాల్సింది కమోడు, రాడ్లు, వాలు దారి, ఒక లైటు. కాస్త కూలి కలిపినా 20 వేలకి అటూ ఇటూ. ఆస్పత్రికి కట్టిన 26 వేల కంటే తక్కువ. గోడకి టైల్స్ ఇంకో ఏడాది లేకపోయినా ఏం కాదు. నేను మొత్తం ఒకేసారి చేయిద్దామని కూర్చుని, ఆ కాస్త కూడా చేయించలేదు.

పని అయిన రోజు రాత్రి అమ్మ మంచం పక్కన స్టూలు మీద చెంబుతో నీళ్లు పెట్టా. ఏమీ అనలా. పొద్దున్నే లేచి చూస్తే సగం చెంబు ఉంది. మా ఆవిడతో మాత్రం అందట, "ముందు గదికంటే ఇదే బాగుందే" అని. నా మీద కోపంతో అన్న మాటో, సంతోషంతో అన్న మాటో తెలీదు. రెండూ అయ్యుండొచ్చు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ రాత్రి ఒక్క మాట అడగండి. బాత్రూమ్ బాగుందా అని అడగొద్దు, బాగానే ఉంది అంటారు. సాయంత్రం నుంచి ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారో అడగండి.

మీ వైపు మేస్త్రి కూలి, ఒరల రేటు ఎంతుందో కింద రాయండి. చేయించుకునేవాళ్లకి పనికొస్తుంది.

ఉంటానండీ.