కప్పా, ఉరితాడూ, బంగారు పళ్ళెం

కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా పడమటి వాలు వెంట ఒక రోడ్డుంది. ఓక్‌హర్స్ట్‌లో మొదలై వింటన్ దాకా సుమారు 475 కిలోమీటర్లు, కొండలెక్కుతూ లోయలు దిగుతూ సాగుతుంది. దాని నంబరు 49. వరస లెక్కలో వచ్చిన అంకె కాదది. 1849లో బంగారం కోసం ఎగబడి వచ్చిన ‘ఫార్టీ నైనర్ల’ పేరు నిలవాలని పెట్టింది. ఆ దారిలోని పాత గనుల ఊళ్ళకు వచ్చే టూరిస్టుల కోసం బొమ్మల మ్యాపులు గీసి అమ్ముతుంటారు. వాటిని నమ్ముకుని దారి వెతికితే ఎక్కడికీ చేరరు. ఊరికన్నా గాడిద పెద్దది, కొండకన్నా గడ్డం పొడుగు. ఏంజెల్స్ క్యాంప్ పక్కన ఒక కప్ప. ప్లాసర్‌విల్ పక్కన ఉరితాడు. కొలోమా దగ్గర ఏట్లో వంగి, పళ్ళెంలో ఇసుక కడుగుతున్న ఓ బక్కమనిషి.

కప్పకు గనులతో ఏం పని? ఏంజెల్స్ క్యాంప్‌లో విన్న ఒక గెంతుడు కప్ప కబురును మార్క్ ట్వేన్ 1865లో కథగా రాసి పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరు ఊరికీ అంటింది. 1928 నుంచి అక్కడ కప్పల గెంతుడు పోటీలే జరుగుతున్నాయి. తవ్విన బంగారమంతా ఎటో వెళ్ళిపోయింది, కప్ప మాత్రం ఊరి ఆస్తిగా మిగిలింది.

ఈ తరహా మ్యాపుల మోజు ఇరవయ్యో శతాబ్దానిది. 1914లో మాక్‌డొనాల్డ్ గిల్ లండన్ భూగర్భ రైలు స్టేషన్ల కోసం గీసిన మ్యాపు జనాన్ని నిలబెట్టి నవ్వించింది. కాలిఫోర్నియాలో ఆ విద్యకు పెద్ద దిక్కు జో మోరా. 1876లో ఉరుగ్వేలోని మాంటెవిడియోలో పుట్టి, అమెరికాలో పెరిగాడు. శిల్పి, కార్టూనిస్టు, కొన్నాళ్ళు కౌబాయ్, మరికొన్నాళ్ళు హోపీ తెగవారి మధ్య కాపురం. 1927లో ఆయన గీసిన కాలిఫోర్నియా మ్యాపు కాగితంలో ఖాళీ జాగా వెతుక్కోవాల్సిందే. అంచుల నిండా చరిత్ర, సందుల్లో పరాచికాలు. అంతకు రెండేళ్ళ ముందు, రాష్ట్రం ఏర్పడి 75 ఏళ్ళయిన సందర్భంగా విడుదల చేసిన అర డాలరు నాణేనికి బొమ్మ వేసిందీ ఆయనే. ఒకవైపు ఎలుగుబంటి, రెండోవైపు పళ్ళెం పట్టుకుని మోకరిల్లిన గనివాడు. బంగారం వేటగాడి బొమ్మను వెండి నాణెం మీద అచ్చేయడం మోరా హాస్యం కాదు, ప్రభుత్వానిదే.

అసలు గోల్డ్ రష్ నడిచిందే మ్యాపుల మీద. 1848 జనవరి 24న కొలోమాలో జాన్ సట్టర్ కోసం కడుతున్న రంపపు మిల్లు కాలవలో జేమ్స్ మార్షల్‌కు పసుపు రేణువులు కనిపించాయి. ఆ జులైకే సైన్యంలోని లెఫ్టినెంట్ ఎడ్వర్డ్ ఆర్డ్ బంగారం, పాదరసం దొరికే నేలల మ్యాపు గీశాడు. డిసెంబరులో అధ్యక్షుడు పోల్క్ కాంగ్రెస్ ముందు ఆ వార్తను ఖాయం చేయగానే అచ్చుయంత్రాలకు పండగొచ్చింది. గనుల్లో నాలుగు నెలలు గడిపిన డాక్టరు డైరీ అంటూ లండన్‌లో ఒక పుస్తకం వచ్చింది. రాసినాయన హెన్రీ విజెటెల్లీ. కాలిఫోర్నియా ముఖం కూడా చూడలేదు. దూరపు కొండలు నునుపని ఆయనకు తెలుసు, కొనేవాళ్ళకు తెలియదు. కొన్నేళ్ళలో మూడు లక్షల మంది దాకా వచ్చిపడ్డారు.

వచ్చినవాళ్ళు ఇంటికి ఉత్తరాలు రాయాలి. దాన్ని పట్టుకున్నాడు జేమ్స్ హచింగ్స్. 1853లో ప్లాసర్‌విల్‌లో ఉండగా, గనివాళ్ళకు పది ఆజ్ఞలంటూ సరదాగా రాసి, చుట్టూ బొమ్మలు పెట్టి ఉత్తరాల కాగితంగా అచ్చేశాడు. దాదాపు లక్ష ప్రతులు పోయాయి. బురదలో నడుములు విరుచుకున్న చాలామందికన్నా ఆయనే బాగుపడ్డాడు. కాయకష్టాన్ని వినోదంగా మార్చి అమ్మే పద్ధతి గనులు నడుస్తుండగానే మొదలైందన్న మాట. తర్వాతి మ్యాపులవాళ్ళు చేసిందీ అదే.

అందుకే వాటిలో ఓడినవాళ్ళకు చోటు తక్కువ. బంగారం చూసిన మార్షల్ 1885లో బీదవాడిగా పోయాడు. సమాధి మీద నిలిపిన ఆయన విగ్రహం బంగారం దొరికిన చోటును వేలెత్తి చూపిస్తుంటుంది. బతికుండగా ఆదుకోని లోకం చావగానే దారి చూపే ఉద్యోగమిచ్చింది! కొలోమా నిసెనాన్ తెగవారి ఊరు. 1848లో లక్షా యాభై వేలున్న కాలిఫోర్నియా ఆదివాసుల సంఖ్య 1870 నాటికి ముప్ఫై వేలకు పడిపోయింది. జబ్బులు, ఆకలి, వాటికి తోడు రాష్ట్రం డబ్బులిచ్చి నడిపించిన దాడులు. ఆ ప్రభుత్వం తరఫున గవర్నర్ క్షమాపణ చెప్పింది 2019లో. 1850లో విదేశీ గనివాళ్ళ మీద నెలకు ఇరవై డాలర్ల పన్ను వేశారు. రెండేళ్ళకు వచ్చిన కొత్త పన్ను దెబ్బ ఎక్కువగా చైనావాళ్ళకే తగిలింది. 49వ రోడ్డు మీదనే చైనీస్ క్యాంప్ అనే ఊరుంది. మ్యాపులో జడ వేసుకున్న చైనావాడి బొమ్మ సులువుగా పడుతుంది. పన్ను రసీదు బొమ్మ పడదు.

తెలుగు ఇంజనీర్లు వేలల్లో స్థిరపడిన శాంటా క్లారా లోయకూ ఈ కథలో వాటా ఉంది. శాన్ హోసే పక్కన న్యూ అల్మడెన్ పాదరసపు గనులుండేవి. ఆర్డ్ మ్యాపులోని పాదరసపు నేల అదే. ఇసుకలోని బంగారాన్ని పట్టడానికి పాదరసం కావాలి. అలా వాడినదాంట్లో లక్షల కిలోలు సియెర్రా ఏళ్ళలో కలిసిపోయాయి. గనుల కొండలు ఇప్పుడు పార్కు. వారాంతాల్లో పిల్లలతో నడకకు వెళ్తారు. ఫుట్‌బాల్ జట్టు ఫార్టీ నైనర్స్ ఆడే స్టేడియం కూడా ఆ లోయలోనే, లీవైస్ పేరుతో. లీవై స్ట్రాస్ శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చింది 1853లో, రివెట్ల ప్యాంటుకు పేటెంటు దక్కింది 1873లో. 1849 నాటి బొమ్మకు జీన్స్ తొడిగే చిత్రకారుడు పాతికేళ్ళు ముందుకు గెంతుతున్నాడు.

ఇక ఉరితాడు. 1849లో ప్లాసర్‌విల్ జనం దొంగలని కొందరిని పట్టి ఉరితీయడంతో ఆ ఊరికి హ్యాంగ్‌టౌన్ అని పేరు పడింది. తర్వాత ఊరి పేరు మారినా ఈ ముద్దుపేరు పోలేదు. ఆ తాడు నగరం అధికారిక గుర్తులోకీ ఎక్కింది. అమెరికాలో నల్లవారికి ఆ బొమ్మ ఏం గుర్తు చేస్తుందో వేరే చెప్పాలా? వాదోపవాదాల తర్వాత 2021లో నగర మండలి దాన్ని తీసేసింది. ముద్దుపేరు మాత్రం మిగిలింది. గుడ్లు, ఆల్చిప్పల మాంసం, బేకన్ కలిపి చేసే హ్యాంగ్‌టౌన్ ఫ్రై అనే అట్టు ఇప్పటికీ దొరుకుతుంది. చేతికి బంగారం తగిలిన గనివాడొకడు హోటల్లో ఉన్నవాటిలోకెల్లా ఖరీదైనది వండమంటే పుట్టిందట.