పదో అక్షరం

జాజ్ సంగీతమంటే నాకు చిరకాలం చులకన భావమే ఉండేది. మా అబ్బాయి కళాశాలలో చదివే రోజుల్లో కీబోర్డుపై అది సాధన చేస్తుంటే, "పాట మొదలుపెట్టి, నడుమ దారి తప్పి, చివరికి మళ్ళీ వెతికి పట్టుకోవడం ఏం విద్యరా?" అన్నాను. వాడు మారు పలకలేదు. ఆ తరువాత నా ఎదుట వాయించనూ లేదు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు నేనే అడిగాను, దేనిని ఆధారం చేసుకొని అప్పటికప్పుడు అల్లుతారని. వాడు 'ఆటమ్ లీవ్స్' ఎంచుకున్నాడు. జోసెఫ్ కాస్మా 1945లో స్వరపరచిన ఫ్రెంచి పాట అది. జాజ్ వాద్యకారులకు నిత్యపారాయణమైంది. ఇటువంటి పాటలను స్టాండర్డ్‌లంటారు. ఒకేసారి పలికే స్వరాల గుత్తి పేరు కార్డ్. పాటను ఒకసారి వాయించి పక్కన పెట్టినా, దాని అడుగున ఉన్న కార్డ్‌ల వరుస మాత్రం 32 బార్ల కొలతలో తిరుగుతూనే ఉంటుంది. మనోధర్మమంతా దానిమీదనే.

నాకు తెలిసే విధంగా శంకరాభరణ స్వరాలలో చెప్పాడు. మొదట రి-మ-ద-స, పిదప ప-ని-రి-మ, ఆపైన స-గ-ప-ని. రిషభం రెండవది, పంచమం అయిదవది, షడ్జమం మొదటిది కనుక దీనిని 'రెండు-అయిదు-ఒకటి' అంటారు. మొదటి గుత్తిలోని 'స' రెండవ దానిలో 'ని'కి దిగుతుంది. రెండవ దానిలోని 'మ' మూడవ దానిలో 'గ'కు దిగుతుంది. గుత్తి మారిందని చెవికి తెలిపేవి ఈ స్వరాలే. సమయానికి వాటిని అందుకోగలిగితే నడుమ ఎంత తిరిగినా తప్పులేదు.

నాకు ఉత్పలమాల స్ఫురించింది. పాదానికి 20 అక్షరాలు, 10వ అక్షరం యతిస్థానం. ఆశువుగా చెప్పే కవి మొదటి అక్షరం పలుకుతూనే పదో అక్షరానికి మైత్రి కుదిరే మాటను సిద్ధం చేసుకుంటాడు. ఒక తేడా ఉంది. యతి తప్పితే పద్యం చెడుతుంది. వీరు ఆ స్వరాన్ని కావాలనే ఆలస్యం చేసి శ్రోతను ఎదురుచూసేలా చేస్తారు.

చేరవలసిన చోటు తెలిసినవాడే నిర్భయంగా నడుస్తాడని ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠం చెప్పాను. ఇంట్లో ఆ పాఠం వినబడుతుంటే గుర్తుపట్టలేకపోయాను.

వాడు వాయించాడు. కళ్ళు మూసుకొని వేళ్ళమీద లెక్కపెట్టాను. తొలి 'గ' చేతికి చిక్కింది. రెండవ ఆవృత్తికి లెక్క జారిపోయింది. దారి తప్పింది నేను, వాడు కాదు. మొదటినుంచి మరొకసారి వాయించమని అడిగాను.