మరువ పారిన ఏడాది

గూళ్ల రేటు గురించి రాస్తానన్నాను, అది రేపు. ఈ రోజు వేరే మాట. ఈ పేజీలో అన్ని మతాల వాళ్లూ ఉన్నారు. నేను చర్చికి పోయేవాణ్ణి కాబట్టి నా భాషలో చెప్తాను.

2018 కరువు గుర్తుంది కదా. నా బోరు ఎండిపోయింది, ఇంకొకటి వేస్తే దుమ్ము లేచింది. ఆ ఏడాది చేసినంత ప్రార్థన నేను జన్మలో చేయలేదు. గట్టు మీద మోకాళ్లేసి ఏడ్చేవాణ్ణి. అప్పు ఉండింది గానీ, దేవుడు పక్కనే ఉన్నట్టుండింది.

అదే 2022 చూడండి. జయమంగళి పారింది, పెన్నా పారింది, మా చెరువు మరువ పోయింది. మల్బరీ తోట పచ్చగా ఉంది. సరిగ్గా అప్పుడే నాకు ప్రార్థన ఎండిపోయింది. కళ్లు మూస్తే మోటారు, ఆకు కోసే కూలీలు, ఇవే. పాట నోరు పాడేది, నేను కాదు. ఇంట్లో అన్నం ముందు ప్రార్థన నేనే చెప్పాలి. పిల్లోళ్ల ముందు రోజూ అవే మాటలు, టేపు రికార్డరు మాదిరి. సిగ్గేసేది. పది నెలలు ఎవరికీ చెప్పలేదు.

ఆఖరికి ఒకాయనకు చెప్తే, నీలో దాచిన పాపం ఉంది, వెతుక్కో అన్నాడు. వెతికినాను. పాపాలకేం కొదవ, దొరికినాయి, ఒప్పుకున్నాను. తడి మాత్రం రాలేదు.

అప్పుడు ఏలీయా కథ మళ్లీ చదివినాను. మూడేళ్ల కరువు తర్వాత కర్మెలు కొండ మీద ఆయన ప్రార్థిస్తే వాన కురిసింది. మనమైతే పండగ చేసుకుంటాం. ఆయన రాణికి భయపడి అడవికి పారిపోయి, బదరీ చెట్టు కింద పడుకుని, చావు రానీ అన్నాడు. వాన పడినాక, చూడండి! దేవుడు ఆయన్ను తిట్టలేదు, పాపం వెతుక్కోమనలేదు. నిద్రపోనిచ్చినాడు. దూతను పంపి రొట్టె, నీళ్లు పెట్టించినాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఎన్ని ప్రసంగాలు విన్నానో, ఈ సంగతి నా చెవికి ఎక్కలేదు.

కలకత్తా మదర్ థెరిసా కూడా అంతే. ఆమె పోయిన పదేళ్లకు, 2007లో ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చినాయి. దాదాపు యాభై ఏళ్లు లోపల దేవుడు లేనట్టే ఉండిందంట ఆమెకు. పని ఆపలేదు, ప్రార్థన ఆపలేదు. నా పది నెలలు ఏపాటి?

మా చర్చిలో ఒక అవ్వ ఉంది, చదువు రాదు. ఆమెకు చెప్పినాను. "కూలోళ్లు రాలేదని చేనికి పోకుండా ఉంటావా నాయనా? పోయి కూచో" అనింది. అంతే, ఇంకేమీ చెప్పలేదు.

పట్టుపురుగులు పెంచేవాళ్లకు తెలుసు. జ్వరానికి పోయిన పురుగు ఆకు ముట్టదు, తలెత్తి కదలకుండా ఉంటుంది. కొత్తోడు చూస్తే చచ్చిందనుకుంటాడు. మనం కదిలించం, ఆకు వేయం, లేచేదాకా కాచుకుంటాం. పోలిక పూర్తిగా కుదరదులెండి. పురుగు ఒక రోజుకో, కాస్త ఎక్కువకో లేస్తుంది. నాది అట్లా లేవలేదు. ఇప్పుడు అప్పుడప్పుడు కొంచెం చెమ్మ తగులుతుంది, 2018 మాదిరి కాదు.

ఇంట్లో మాత్రం చెప్పేసినాను. అన్నం ముందు ఇప్పుడు మా చిన్నోడు ప్రార్థన చెప్తాడు, నేను ఆమెన్ అంటాను. ఈ పొద్దు తెల్లవారుజామున షెడ్డు బయట పది నిమిషాలు కూర్చున్నాను. ఏమీ అనిపించలేదు. పురుగులకు ఆకు వేసే టైమయింది, లేచి లోపలికి పోయినాను.