బొమ్మకారుల కూర్పు

పాతవస్తువును పారవైచుట సులభము. దానియందు పనికివచ్చు భాగమును గుర్తించి, వేఱొక వస్తువునందు ఇమిడించుట నేర్పుగలవాని పని. అమెరికా దేశమున ‘హాట్ రాడ్’ అను కారులు ఇట్టి నేర్పునుండియే పుట్టినవి.

1932వ సంవత్సరమున ఫోర్డు కంపెనీ ఎనిమిది సిలిండర్ల ఇంజనుగల కారును సామాన్యులు కొనదగిన వెలకు విక్రయించెను. కొంతకాలమునకు అవి పాతబడి చౌకగా దొరకసాగెను. కాలిఫోర్నియా యువకులు వానిని కొని, బరువు తగ్గుటకై మడ్గార్డులను ఊడదీసి, ఎండిన సరస్సుల చదునునేలపై పందెములు నడపిరి. క్రొత్త భాగములు కొనలేనివారు పాత ఇనుపకొట్లలో వెదకి, ఒక కారు భాగమును మఱియొక కారునకు అమర్చుకొనిరి.

ఈ వేడుక బొమ్మల రూపమున బాలుర చేతులలోనికి వచ్చినది. ఏ.ఎం.టి. అను సంస్థ 1958లో ఒకే పెట్టెలోని భాగములతో మూడు విధములలో ఒక విధముగా కారును కూర్చుకొను ఏర్పాటు చేసెను: కంపెనీ చేసినట్లుగా, సొంత అలంకారముతో, లేదా పందెపు కారుగా. ఒక రూపమును కూర్చగా మిగిలిన భాగములను ఎవరును పారవేయరు. వానిని ఒక డబ్బాలో దాచుకొని, మఱియొక బొమ్మకు వాడుకొందురు.

అయితే కంటికి నచ్చిన ప్రతి భాగమును అమరదు. కొన్ని బొమ్మలు అసలు కారులో ఇరువదియైదవ వంతు, కొన్ని ఇరువదినాలుగవ వంతు ఉండును. ఈ భేదము స్వల్పముగా తోచును. కాని 1932 నాటి ఫోర్డు కారున ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ దూరము 106 అంగుళములు. అది మొదటి కొలతలో సుమారు 108 మిల్లీమీటర్లు, రెండవదానిలో 112 మిల్లీమీటర్లు అగును. కావున ఒకదాని చట్రము మఱియొకదాని క్రింద సరిపడదు. పైకప్పును దించుట మఱింత కష్టము. వాలుగానున్న కంబములను కోసి కుఱుచచేసినచో, కప్పు అంచులు క్రింది కంబములకు ఎదురుగా నిలువవు. అప్పుడు కప్పునే రెండుగా కోసి, నడుమ అతుకువేసి, పుట్టీతో పూడ్చి, గరుకు కాగితముతో నునుపుచేయవలెను.

జిగురు ప్లాస్టిక్కును కరగించి రెండు అంచులను ఏకము చేయును. ఆఱిన పిమ్మట విడదీయబోయినచో విఱుగుటయే తఱచు. అందుచే నిపుణుడు మొదట భాగములను జిగురులేకయే నిలిపిచూచును. ఇంజనుపై మూత పడునా, చక్రములు తిరుగునా అని పరీక్షించును.

ఇందు మఱియొక చిక్కు గలదు. 1960 ప్రాంతపు బొమ్మల అచ్చులను అనేక పర్యాయములు ఏటేట క్రొత్త కారులకు అనుగుణముగా మార్చివేసిరి. అట్టి బొమ్మ మఱల అదే రూపమున తయారుకాదు. దానిని రంపముతో కోయవచ్చునా? మార్చుకొనుటకే చేసినదానిని మార్చుట తప్పుకాదని కొందఱందురు. నశించినది తిరిగిరాదని మఱికొందఱందురు. వివేకముగలవారు మధ్యమార్గమును గ్రహించిరి. చెక్కుచెదరని పాతబొమ్మను ముట్టక, విఱిగినవానినుండి భాగములను తీసికొందురు. అరుదైన భాగమునకు రబ్బరు అచ్చుతీసి, రెసినుతో నకలు పోయుదురు. అసలు నిలుచును, కోరికయు తీఱును.

కోయుటకు చేతిలో రంపము చాలును. ఏది కోయరాదో తెలియుటకు విచక్షణ కావలెను. పనివానికి ఆ రెండవదియే ముఖ్యమైన పనిముట్టు.