అర్థమైందా అంటే ‘సరే సామీ’ అనేసినాం

ముగ్గురం కలిసి రాస్తున్నాం కాబట్టి ‘మేము’ అనే రాస్తాం. మాది సత్యవేడు మండలం, యానాది కాలనీ. మా ఇళ్ళల్లో కాలేజీ దాకా వచ్చింది మేమే మొదలు. సెలవులిచ్చి హాస్టల్ మూసేస్తే పనికి పోవాల్సిందే. పోయిన ఎండాకాలం శ్రీసిటీ పక్క ఒక షెడ్డు కట్టే సైట్లో నెలన్నర హెల్పర్లుగా చేసినాం. కంపెనీ పేరు, మేస్త్రీ పేరు రాయం.

సైట్లో పొద్దున 8 గంటలకు మీటింగు. టూల్ బాక్స్ టాక్ అంటారు. పని మొదలుపెట్టే ముందు పనిముట్ల దగ్గరే నిలబడి, ఆ పొద్దు చేసే పని గురించి, దాంట్లో ఉండే ప్రమాదం గురించి నాలుగు మాటలు మాట్లాడుకోవడం. మా దగ్గర జరిగింది వేరే. గేటు కాడ అరవై మందిని ఎండకు ఎదురుగా నిలబెడతారు. పక్కన జనరేటర్ మోత. ఒకాయన కాగితం చూసి హిందీలో చదువుతాడు. బీహార్, ఒడిశా అన్నలకు కొంత అర్థమయ్యేది. తమిళం వాళ్ళకు, మాకు ఏమీ తెలిసేది కాదు. మా కాలనీ వాళ్ళు ఎప్పుడూ వెనక వరసే. చివర్లో ‘అర్థమైందా?’ అంటే ‘సరే సామీ’ అనేసి, ఫోటోకు నిలబడి, సంతకం లేదా వేలిముద్ర వేసి పోయేది.

ఆ ‘సరే సామీ’ గురించి ఒక మాట. ఇటుక బట్టీలో, రైస్ మిల్లులో, సరుగుడు తోటల్లో అడ్వాన్సు తీసుకుని చేసిన మా పెద్దోళ్ళకు ఎదురు ప్రశ్న వేసే అలవాటు ఎక్కడిది? వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. ఆ మాట మాత్రం మా నోట్లోంచి పోలేదు.

ఒక రాత్రి గట్టి వాన పడింది. తెల్లారి టాక్‌లో చేతి గ్లౌజుల గురించి చదివినారు. ఆ పొద్దు మా పని మాత్రం మనిషి లోతు కాలవలో మట్టి తీసేది. మా కాలనీ తాత ఒకాయన కాలవ గట్టున నిలబడి మడమతో నొక్కి చూసినాడు. గట్టు వెంబడి వెంట్రుకంత సన్నంగా పగులు. పొలాల్లో ఎలుక బొక్కలు తవ్వి తవ్వి మట్టి సంగతి తెలిసిన మనిషి. ‘ఇది జారతాది’ అని మేస్త్రీతో అన్నాడు. ‘టాక్ అయిపోయింది, దిగు’ అన్నాడు మేస్త్రీ. తాత ‘సరే సామీ’ అని దిగినాడు. మేము పక్కనే ఉన్నాం. డిగ్రీ చదివేవాళ్ళం. తాత మాట విన్నాం, పగులు చూసినాం, నోరు తెరవలేదు. ఇది రాయడానికే ఇన్ని నెలలు పట్టింది.

గంటలోపే గట్టు జారింది. తొడల దాకా మట్టి. తడి మట్టి ఒక ఘనపు మీటరు ఒకటిన్నర టన్నుకు పైనే ఉంటుంది. చేతులతో, తట్టలతో తోడి బయటికి తీసినాం. కాలు విరిగింది. ఆ రోజు కాగితంలో తాత వేలిముద్ర ఉంది, గ్లౌజుల గురించి అర్థమైందని.

తర్వాత ఇంజనీరు సారు మమ్మల్ని పిలిచి, మీ వాళ్ళకు తెలుగులో మీరే చెప్పండి, పది నిమిషాలు అన్నాడు. మొదటి రోజు అదే కాగితాన్ని తెలుగులో చదివినాం. అందరూ తలూపినారు. అంటే మేము చేసింది కూడా అదే పని, భాష మారింది అంతే. రెండో రోజు కాగితం పక్కన పెట్టి, జనరేటర్ మోత లేని చోట, కాలవ దగ్గరే నీడలో కూర్చున్నాం. ‘నిన్న ఇక్కడ ఏం చూసినారు? ఏం భయమేసింది?’ అని అడిగినాం. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక అక్క అనింది: ‘నిచ్చెన లేదబ్బా. ఎక్కేటప్పుడు మగోళ్ళు చెయ్యి పట్టి లాగాల, సిగ్గుగా ఉండాది.’ మధ్యాహ్నానికి నిచ్చెన వచ్చింది. ఆ తర్వాత మాటలు ఆగలేదు.

మేము వెతికితే, కేంద్ర ప్రజాపనుల శాఖ భద్రతా నియమాల్లో ఇవన్నీ రాసే ఉన్నాయి. 1.2 మీటర్లు దాటిన కాలవలో ప్రతి 30 మీటర్లకు ఒక నిచ్చెన ఉండాల. తవ్విన మట్టిని అంచుకు 1.5 మీటర్ల లోపల గానీ, లోతులో సగం దూరం లోపల గానీ వేయకూడదు, ఏది ఎక్కువైతే అది. మా మట్టి కుప్ప అంచు మీదే ఉండింది.

మాటలు ఎక్కువై మీటింగు ఇరవై నిమిషాలు దాటింది. కొలత పని చేసే వాళ్ళు కోప్పడినారు, వాళ్ళ కూలి పోతుంది కదా. అది న్యాయమే. అందుకని తగ్గించినాం. ముందు నిన్న అడిగింది జరిగిందా లేదా. జరగకపోతే జరగలేదనే చెప్పాల, దాచితే రేపు ఎవరూ నోరు తెరవరు. తర్వాత ఈ పొద్దు ఎవరు ఎక్కడ, రాత్రికి ఏం మారింది: వానా, కొత్త సారువా, జేసీబీ తిరిగే దారా. చివరికి ‘అర్థమైందా’ అని అడగడం మానేసి, ఒకర్ని లేపి ‘గట్టు పగిలితే ఏం చేస్తావు మామా?’ అని అడిగేది. ‘దిగను, పిలుస్తా’ అంటే అప్పుడు సంతకం. జపాన్‌లో కికెన్ యోచి అని ఉందంట, ఈ రోజు ప్రమాదం ఏమిటో పని చేసేవాళ్ళే గుంపుగా చెప్పుకోవడం. మాకు తర్వాత తెలిసింది.

అన్నీ జరగలేదు. తాగే నీళ్ళ డ్రమ్ము నీడలోకి జరపడానికి నాలుగు రోజులు అడిగినాం. ఆడవాళ్ళకు సరిపోయే హెల్మెట్లు రానే లేదు.

ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి, 18 నుంచి 60 ఏళ్ళ లోపు ఉంటే కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. మా కాలనీలో ఎవరికీ కార్డు లేదు. తాతకు ఆధార్‌లో 63. ఆయనకు ఇక రాదు.

మేము హాస్టల్‌కి వచ్చే ముందు తాతను చూడను పోయినాం. మంచం మీద ఉండి మేస్త్రీ నోట్‌బుక్ ఫోటో చూపించినాడు. ఆస్పత్రి ఖర్చంతా ఆయన పేరు మీద అడ్వాన్సుగా రాసినారు. కాలు బాగైతే పనిచేసి తీర్చాలంట. పనిలో దెబ్బ తగిలితే యజమానే పరిహారం ఇవ్వాలని చట్టం ఉంది. ఇట్లాంటి అర్జీ రాసిన అనుభవం గ్రూపులో ఎవరికైనా ఉంటే కింద చెప్పండన్నా. టాక్ కాగితాల ఫోటోలు, ఆ రోజు పనికి వచ్చిన వాళ్ళ పేర్లు మా దగ్గర ఉన్నాయి. సంక్రాంతికి పోయినప్పుడు తాతను కూర్చోబెట్టుకుని రాయాలనుకుంటున్నాం.