రెండు టన్నుల కారు... ఏడు లీటర్ల గుండె!

ఆగస్టు నెల మూడో శనివారం. అమెరికాలోని డెట్రాయిట్ నగర శివార్లు. వుడ్‌వర్డ్ అవెన్యూకి రెండువైపులా మడత కుర్చీలు వేసుకుని పొద్దున్నుంచే జనం కూర్చుని ఉంటారు. పిల్లలు, పెద్దలు, తాతయ్యలు, మామ్మలు... మన ఊళ్లో రథోత్సవానికి వచ్చినట్టు. వాళ్లు చూడటానికొచ్చిందీ రథాలనే. కాకపోతే ఇనుప రథాలు! 1950లు, 60లు, 70ల నాటి కార్లు వేల సంఖ్యలో ఒకదాని వెనక ఒకటి కదిలిపోతుంటాయి. బానెట్ కింది నుంచి వచ్చే గుడగుడ శబ్దాన్ని బట్టే అది ఏ కంపెనీ ఇంజినో చెప్పేసే ఘనులు ఆ కుర్చీల్లో చాలామందే ఉంటారు.

ఈ పండుగ పేరు 'వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్'. ఫెర్న్‌డేల్ అనే చిన్న ఊళ్లో పిల్లల ఫుట్‌బాల్ మైదానానికి నిధులు పోగుచేద్దామని 1995లో మొదలుపెట్టారు. ఇప్పుడు పది లక్షలమందికి పైగా జనం, 40 వేల దాకా కార్లు వస్తాయని అంచనా. కరోనా కారణంగా 2020లో మాత్రం ఆగిపోయింది.

కార్ల ఊరికి రాజవీధి

డెట్రాయిట్ నదీతీరం దగ్గర మొదలై పాంటియాక్ నగరం దాకా సుమారు 43 కిలోమీటర్లు సాగే రోడ్డిది. కార్ల చరిత్రలో సగం దీని పక్కనే ఉందంటే అతిశయోక్తి కాదు. 1909లో ఇక్కడే ఒక మైలు పొడవున కాంక్రీటు రోడ్డు వేస్తే దాన్ని చూడటానికి దూరప్రాంతాల నుంచి ఇంజినీర్లు వచ్చారు. ఇదే రోడ్డు మీదున్న హైలాండ్ పార్క్ కర్మాగారంలో 1913లో హెన్రీ ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైన్‌ను పెట్టాడు. అంతకుముందు 12 గంటలకు పైగా పట్టే కారు బిగింపు, ఆ తర్వాత గంటన్నరకు దిగొచ్చింది. క్రిస్లర్ ప్రధాన కార్యాలయం కూడా 1990ల దాకా హైలాండ్ పార్క్‌లోనే ఉండేది.

1960లకొచ్చేసరికి ఈ రోడ్డుకి మరో పేరొచ్చింది. చీకటి పడితే చాలు... కుర్రాళ్లు ఒక సిగ్నల్ నుంచి ఇంకో సిగ్నల్ దాకా పందేలు వేసుకునేవారు. పగలు కార్ల కంపెనీల్లో పనిచేసే ఇంజినీర్లే రాత్రిపూట తమ కొత్త ఇంజిన్లను ఇక్కడ పరీక్షించుకునేవారు. 1970ల్లో ఈ వీధుల్లో ఓ నల్ల డాడ్జ్ చాలెంజర్ ఉండేది. హఠాత్తుగా వచ్చి, అందర్నీ ఓడించి, మళ్లీ వారాల తరబడి కనిపించేది కాదు. 'బ్లాక్ ఘోస్ట్' అని పేరు పెట్టారు. దాని యజమాని ఎవరో తెలుసా? డెట్రాయిట్ పోలీసు శాఖలో మోటార్‌సైకిల్ మీద గస్తీ తిరిగే అధికారి! 1970 మోడల్‌కి చెందిన ఆ కారుకి 2020లో అమెరికా జాతీయ చారిత్రక వాహనాల జాబితాలో చోటు దక్కింది. 2023లో వేలం వేస్తే పది లక్షల డాలర్లకు పైనే పలికింది.

ఏమిటీ 'బిగ్ బ్లాక్'?

ఈ కార్లన్నిటికీ ప్రాణం బిగ్ బ్లాక్ ఇంజిన్. ఎనిమిది సిలిండర్లు నాలుగేసి చొప్పున ఇంగ్లిష్ 'వి' అక్షరం ఆకారంలో అమరి ఉండే భారీ ఇనుప దిమ్మ. షెవర్లేకి 454, ఫోర్డ్‌కి 428, క్రిస్లర్‌కి 440... ఇవన్నీ ఘనపుటంగుళాల్లో ఇంజిన్ సామర్థ్యం. 440 అంటే మన లెక్కలో 7.2 లీటర్లు. ఒక్కో సిలిండర్ 900 సీసీ. అంటే మారుతి 800 కారు మొత్తం ఇంజిన్ కన్నా దీని ఒక్క సిలిండరే పెద్దది! బరువు దాదాపు 300 కిలోలు.

అంత ఇంజిన్ ఎందుకూ అంటే, కార్లు అంత ఉండేవి మరి. 1967 నాటి క్రిస్లర్ ఇంపీరియల్‌నే తీసుకోండి. పొడవు 5.7 మీటర్లు. బరువు దాదాపు 2,200 కిలోలు. ఆరుగురు సోఫాలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. దాన్ని కదిలించడానికి 440 ఇంజిన్ పెట్టారు. కాగితం మీద 350 హార్స్‌పవర్, 650 న్యూటన్ మీటర్ల టార్క్.

ఈ వైభవం ఎంతోకాలం నిలవలేదు. 1970లో వచ్చిన కాలుష్య నియంత్రణ చట్టం, 1973 నాటి చమురు సంక్షోభం బిగ్ బ్లాక్‌ల గొంతు నొక్కేశాయి. 440 తయారీ 1978తో ముగిసింది. అందుకే ఇప్పుడు ఓ ఇంపీరియల్‌ను మళ్లీ రోడ్డెక్కించాలంటే షోరూమ్‌కి వెళితే కుదరదు. లేత్ వర్క్‌షాప్‌కి వెళ్లాలి.

ఒంగోలు గిత్తా... పందెపు గుర్రమా?

పాత ఇంజిన్‌ను విప్పి బలంగా కట్టించాలనుకునేవారు ముందు అడిగే ప్రశ్న 'ఎన్ని హార్స్‌పవర్లు?' అనుభవమున్న మెకానిక్ మాత్రం 'కారు బరువెంత?' అని అడుగుతాడు.

మన బండలాగుడు పోటీలు చూసినవాళ్లకి ఈ తేడా ఇట్టే అర్థమవుతుంది. బండ కదలాలంటే మొదటి ఊపులో బలం కావాలి. పరుగెత్తే గుర్రాన్ని కడితే కదలదు. ఒంగోలు గిత్తలే కావాలి. ఇంజిన్‌లో ఆ మొదటి ఊపే టార్క్. హార్స్‌పవర్ అంటే ఆ టార్క్‌ను ఇంజిన్ తిరిగే వేగంతో గుణిస్తే వచ్చే లెక్క. నిమిషానికి ఆరున్నర వేల చుట్లు తిరిగితే తప్ప బలం పుట్టని ఇంజిన్ తేలికపాటి పందెపు కారుకి సరిపోతుంది. రెండు టన్నుల ఇంపీరియల్‌కి రెండు, మూడు వేల చుట్ల దగ్గరే బలం కావాలి.

దానికి సులువైన దారి ఇంజిన్‌ను ఇంకా పెద్దది చేయడం. 440లో పిస్టన్ పైకీ కిందకీ 3.75 అంగుళాలు కదులుతుంది. క్రాంక్‌షాఫ్ట్ మార్చి దాన్ని 4.25 అంగుళాలకు పెంచి, సిలిండర్లను కాస్త బోరు చేయిస్తే అదే దిమ్మలో 505 ఘనపుటంగుళాలు పడతాయి. అంటే 8.3 లీటర్లు! బయట నుంచి చూస్తే ఏ తేడా తెలియదు. యాక్సిలరేటర్ మీద కాలు పెడితే తెలుస్తుంది.

ఇక్కడే అసలు కథ. 'బండి బోరుకొచ్చింది' అని మన మెకానిక్‌లు అంటారే... ఆ బోరు ఎంత పడితే అంత చేయడానికి లేదు. అర్ధశతాబ్దం దాటిన ఇనుము అది. సిలిండర్ గోడ ఒకవైపు మందంగా, మరోవైపు పలుచగా ఉండొచ్చు. లోపలి నుంచి తుప్పు తినేసి ఉండొచ్చు. అందుకే ముందు అల్ట్రాసోనిక్ పరికరంతో గోడ మందాన్ని చుట్టూ కొలుస్తారు. ఆ పని చేయకుండా బోరింగ్ మిషన్ ఎక్కిస్తే, ఏదో ఒకరోజు గోడ చీలి నీళ్లు సిలిండర్‌లోకి వచ్చేస్తాయి. 440 దిమ్మల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. పాడుచేసిన ప్రతిదీ ఉన్నవాటిలోంచి ఒకటి తగ్గినట్టే.

పరుగు కన్నా ఆగడం ముఖ్యం

రెండో పరీక్ష క్యామ్‌షాఫ్ట్ దగ్గర. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచి ఉండాలో నిర్ణయించేది ఇదే. వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ పెడితే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూడా ఇంజిన్ ఊగిపోతూ గర్జిస్తుంది. కుర్రాళ్లకి అదే ఇష్టం. కానీ ఆ గర్జనకో మూల్యం ఉంది. ఇలాంటి కార్లలో పవర్ బ్రేకులు ఇంజిన్ పీల్చే గాలి వల్ల ఏర్పడే వ్యాక్యూమ్ మీదే ఆధారపడతాయి. క్యామ్ మరీ ఘాటైతే వ్యాక్యూమ్ పడిపోతుంది. బ్రేకు పెడల్ బండరాయిలా బిగుసుకుపోతుంది. రెండు టన్నుల కారు, ఎనిమిది లీటర్ల ఇంజిన్... బ్రేకు పడకపోతే? అందుకే బరువైన కారుకి ఇంజిన్ కట్టేవాళ్లు పదో పదిహేనో హార్స్‌పవర్లు వదులుకోవడానికైనా సిద్ధపడతారు కానీ వ్యాక్యూమ్‌ను వదులుకోరు.

మూడోది పెట్రోలు, ఆయిలు. ఈ ఇంజిన్లు పుట్టిన కాలంలో పెట్రోల్లో సీసం కలిపేవారు. అది వాల్వు సీట్లను కాపాడేది. అమెరికా రోడ్ల మీద సీసం పెట్రోలును 1996లో పూర్తిగా నిషేధించారు. మనదేశంలో 2000లో ఆపేశారు. కాబట్టి హెడ్డు విప్పినప్పుడే గట్టి సీట్లు వేయించాలి. అలాగే కొత్త తరం ఆయిళ్లలో జింక్ పాళ్లు తగ్గించారు. పాతరకం క్యామ్‌ను ఆ ఆయిలుతో నడిపితే కొద్దిసేపట్లోనే అరిగిపోవచ్చు. అందుకే కొత్తగా కట్టిన ఇంజిన్‌ను మొదటిసారి స్టార్ట్ చేశాక ఇరవై నిమిషాల పాటు రెండు వేల చుట్లకు తగ్గకుండా నడుపుతారు. నెలల శ్రమ, వేల డాలర్ల ఖర్చు... అన్నీ ఆ ఇరవై నిమిషాల్లో తేలిపోతాయి. ఈ బాధ వద్దనుకునేవాళ్లు ఖర్చు ఎక్కువైనా రోలర్ క్యామ్ వేయించుకుంటారు.

ఇంజిన్ ఒక్కటీ బాగుంటే చాలదు. దాని బలాన్ని మోయగల గేర్‌బాక్సు, చల్లబరచగల రేడియేటర్, సరిపడా పెట్రోలు అందించే పంపు... ఒకటి మారిస్తే నాలుగు మార్చాలి. ఇంత చేశాక మైలేజీ ఎంతంటారా? లీటరుకు నాలుగైదు కిలోమీటర్లొస్తే గొప్పే!

ఊరు ఓడింది... చేతులు ఓడలేదు

1950లో 18 లక్షలు దాటిన డెట్రాయిట్ జనాభా 2020 నాటికి ఆరు లక్షల 39 వేలకు పడిపోయింది. 2009లో జనరల్ మోటార్స్, క్రిస్లర్ దివాలా తీశాయి. 2013లో నగరమే దివాలా పిటిషన్ వేసింది. అసెంబ్లీ లైన్ పుట్టిన హైలాండ్ పార్క్‌లో కరెంటు బిల్లులు కట్టలేక 2011లో వెయ్యికి పైగా వీధి దీపాలను పీకించేసుకోవాల్సి వచ్చింది. అలాంటి ఊళ్ల మీదుగా వెళ్లే రోడ్డు మీదే ఏటా ఈ పండుగ. ఫ్యాక్టరీలు మూతబడ్డా ఇనుమును కొలిచి, చెక్కి, బిగించే విద్య చేతుల్లో మిగిలే ఉందని చెప్పుకోవడానికి ఇక్కడివాళ్లకి ఇదో సందర్భం.

ఈ శివార్లలోని ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, కాంటన్‌లలో తెలుగు కుటుంబాలెన్నో ఉన్నాయి. కార్ల కంపెనీల్లో, వాటికి విడిభాగాలందించే సంస్థల్లో పనిచేస్తున్నవారూ ఎక్కువే. ఆగస్టులో అటువైపు వెళ్తే, పిల్లల్ని తీసుకుని ఒక్కసారి చూసి రావచ్చు. టికెట్టేమీ ఉండదు. మడత కుర్చీ, గొడుగు, నీళ్ల సీసా ఉంటే చాలు.

వెళ్లినప్పుడు ఓ వింత గమనించండి. ఇప్పుడు వుడ్‌వర్డ్ మీద పందేలు నిషేధం. రద్దీకి కార్లు నడక వేగంతోనే కదులుతాయి. పైన ఎండ, కింద వేడెక్కిన తారు. కాగితం మీద 700 హార్స్‌పవర్ల ఇంజిన్లు ఆ నత్తనడకకి తట్టుకోలేక పొగలు కక్కుతూ పక్కన ఆగిపోతుంటాయి. సరిగ్గా కట్టిన ఇంపీరియల్ మాత్రం తొణక్కుండా, బెణక్కుండా సాగిపోతుంది. ఒకప్పుడు ఎవరి ఇంజిన్ ఎంత వేగంగా పరుగెత్తుతుందో తేల్చిన రోడ్డు... ఇప్పుడు ఎవరిది ఎంత నెమ్మదిగా నడవగలదో తేలుస్తోంది!