అడవి పుట్టిల్లయిన ఊరు

హిమాలయపు లోయలో ఒక పల్లె. ఆ పల్లెను సొంత సంసారంగా ఎంచుకొన్న ఒక తల్లి. ఆమె కాపాడిన చెట్లు నిలిచాయి. ఊరి కాళ్ళ కింది నేల మాత్రం కదులుతున్నది.

జోషీమఠ్ వద్ద దారి రెండుగా చీలుతుంది. ఒకటి విష్ణుప్రయాగకు దిగి బదరీనాథ్‌కు పోతుంది. యాత్రికులందరిదీ ఆ దారే. రెండవది ధౌలీగంగ ఒడ్డు పట్టుకొని పైకి, నీతీ లోయలోకి, టిబెట్ సరిహద్దు దిక్కుగా సాగుతుంది. ఆ దారిన పోయేవారు ఎక్కువగా సైనికులు, గొర్రెల కాపరులు, లోయవాసులు. మధ్యలో తపోవనం వద్ద వేడినీటి బుగ్గలు. ఆపైన నిట్టనిలువు చరియలు, ఏటి హోరు. జోషీమఠ్‌కు పాతిక కిలోమీటర్ల లోపునే, నందాదేవి హిమశిఖరాల నడుమ పుట్టిన ఋషిగంగ వచ్చి ధౌలీగంగలో కలిసే చోట, కొండవాలును కరచుకొన్నట్టు ఒక పల్లె కనిపిస్తుంది. అదే రేణీ.

ఊరంటే కొద్దిపాటి ఇళ్ళు, మెట్లు మెట్లుగా చెక్కిన సన్నని పొలాలు. రాజ్మా, బంగాళాదుంప, తోటకూర జాతి గింజధాన్యం పండుతాయి. ఊరికి పైన అడవి: దేవదారు, ఫర్, అక్రోటు చెట్లు. ఆ అడవికీ పైన మంచు. ఇక్కడివారు భోటియాలలో తోల్‌ఛా శాఖకు చెందినవారు. వీరి పూర్వులు గొర్రెల మీద, మేకల మీద చిన్న చిన్న సంచులు కట్టి ధాన్యం, బెల్లం టిబెట్‌కు చేరవేసేవారు. ఉప్పు, ఉన్ని వెనక్కు తెచ్చేవారు. 1962 యుద్ధంతో కనుమలు మూతపడ్డాయి. తరతరాల బేరం ఒక్క శీతకాలంలో ముగిసిపోయింది. మిగిలినవి కొద్దిపాటి పొలం, మగ్గం, అడవి.

గౌరాదేవి 1925లో పుట్టింది ఈ ఊరికి కాస్త ఎగువనున్న లాతా గ్రామంలో. చిన్నతనంలోనే పెళ్ళయి రేణీకి కోడలుగా వచ్చింది. బడి ఎరుగదు. ఇరవై రెండేళ్ళకు భర్త పోయాడు. చేతిలో రెండున్నరేళ్ళ కొడుకు, ఇంట్లో వయసు మళ్ళిన అత్తమామలు.

కొండ పల్లెలో విధవరాలి బ్రతుకు ఎంత బరువైనదో మైదానంలోని వారికి చెబితే గాని తెలియదు. అక్కడ ఆడవారి పని తెల్లవారక ముందే మొదలవుతుంది. నీళ్ళు మోయాలి. కొడవలి పట్టుకొని కొండెక్కి పశువులకు గడ్డి కోయాలి. తన ఎత్తుకు మించిన మోపును వీపున కట్టుకొని, కాలు జారితే ఏట్లో పడే దారిని దిగాలి. వంటచెరకు తేవాలి. విత్తడం, కలుపు తీయడం, కోయడం, దంచడం అన్నీ ఆమెవే. నడుస్తూ కూడా చేతులు ఊరికే ఉండవు. కదురు తిరుగుతూ ఉన్ని దారమవుతూనే ఉంటుంది. శీతకాలపు రాత్రులు మగ్గం ముందు గడుస్తాయి. ఇన్ని చేసే ఆడది నాగలి మాత్రం పట్టరాదని ఆచారం. కనుక ఇంట్లో మగదిక్కు లేని స్త్రీ, దుక్కి అదను వచ్చిన ప్రతిసారీ, ఎవరినో ఒకరిని బతిమాలుకోక తప్పదు.

గౌరాదేవి అదీ చేసింది. అత్తమామలను కడదాకా సాకింది. ఉన్ని పనితో, పొలం పనితో కొడుకును పెంచి పెద్దచేసి, ఇంటి బరువు అతని చేతికి అప్పగించింది. అప్పటికి సాధారణంగా ఏ స్త్రీ అయినా మనుమలను ఎత్తుకొని ఎండకు కూర్చోవాలని కోరుకొంటుంది. ఆమె ఊరిని ఎత్తుకొన్నది. ఎవరింట పురుడైనా, ఎవరింట చావైనా ముందుగా చేరే మనిషి అని పేరు పడింది. 1972లో ఊరి మహిళా మంగళ్ దళ్‌కు అధ్యక్షురాలిగా ఆమెనే ఎన్నుకొన్నారు. ఆ దళం చేసే పనులు చాలా మామూలువి: ఊరి శుభ్రత, గడ్డి కోతకు వంతులు, అడవి కాపలా.

అడవి కాపలా ఎందుకో ఆ లోయలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. 1970 జూలైలో అలకనంద పొంగి బేలాకూచీ అనే ఊరినే తుడిచిపెట్టింది. నరికివేతతో బోసిపోయిన కొండలు నీటిని పట్టి ఉంచలేకపోయాయని అక్కడి గ్రామస్థులు తమంతట తాము గ్రహించారు. 1973 ఏప్రిల్‌లో, గోపేశ్వర్‌కు చేరువలోని మండల్ గ్రామంలో, చండీప్రసాద్ భట్ నాయకత్వాన దశోలీ గ్రామ స్వరాజ్య సంఘంవారు తొలిసారి గుత్తేదారును అడ్డుకొన్నారు. రైతుల కాడికి, మేడికి కర్ర ఇవ్వబోమన్న అధికారులు అదే చెట్లను ఆటవస్తువుల కంపెనీకి కేటాయించడం అక్కడి తగవు. చెట్టును కరచుకొని నిలుస్తామన్న ఆ మాట నుంచే ‘చిప్కో’ అన్న పేరు పుట్టింది.

రేణీ వంతు మరుసటి ఏడాది వచ్చింది. ఊరి పైనున్న అడవిలో దాదాపు 2,500 చెట్లను 1974 ఆరంభంలో వేలం వేశారు. గ్రామస్థులు, దశోలీ సంఘంవారు ఎదిరించడానికి సిద్ధమవుతున్నారు. సరిగ్గా అప్పుడే, 1962 యుద్ధం తరువాత సైన్యం తీసుకొన్న భూములకు నష్టపరిహారం చెల్లిస్తామనీ, చమోలీకి వచ్చి పుచ్చుకోవలసిందనీ కబురు అందింది. పన్నెండేళ్ళుగా ఎదురు చూస్తున్న డబ్బు. ఊరి మగవారంతా బయలుదేరి వెళ్ళారు. ఉద్యమకారులను అధికారులు గోపేశ్వర్‌లో మాటలతో నిలిపి ఉంచారు. మార్చి 26న రేణీలో మిగిలినవారు ఆడవారూ పిల్లలూ.

ఆ రోజు గొడ్డళ్ళు, రంపాలు మోసుకొంటూ కూలీలు అడవివైపు పోవడం ఒక ఆడపిల్ల చూసింది. పరుగున వచ్చి గౌరాదేవికి చెప్పింది. ఆమె ఇల్లిల్లూ తట్టి పిలిచింది. పొయ్యి మీది గిన్నెలను దించి, చేతిలోని పని వదలి, పెద్దలూ పిల్లలూ కలిసి 27 మంది ఆమె వెంట కొండ ఎక్కారు.

అడవిలో కూలీలు అన్నం వండుకొంటున్నారు. గౌరాదేవి వారిని తిట్టలేదు. సోదరులారా అనే సంబోధించింది. ఈ అడవి తమ పుట్టిల్లనీ, మూలికలు, కూరాకు, కట్టె అన్నీ ఇదే పెడుతున్నదనీ, దీన్ని నరికితే కొండ విరిగి మీద పడుతుందనీ చెప్పింది. తిండి తిని తమతోపాటు దిగి రమ్మన్నది. మగవారు తిరిగి వచ్చాక తేల్చుకోవచ్చునన్నది. కూలీలు మెత్తబడ్డారు. గుత్తేదారు మనుషులు, అటవీ సిబ్బంది మాత్రం బెదిరించారు. తాగి ఉన్న ఒకడు తుపాకి ఎక్కుపెట్టాడు. గౌరాదేవి రొమ్ము చూపి, ముందు తనను కాల్చి ఆ తరువాత తన పుట్టింటిని నరకమన్నది. తుపాకి దిగింది. కూలీలు కొండ దిగారు. వారు మళ్ళీ ఎక్కకుండా, కొండ విరిగిన చోట వేసిన చిన్న సిమెంటు వంతెనను స్త్రీలు పడగొట్టారు. ఆ రాత్రి చలిలో అడవి అంచునే కాపలా ఉన్నారు. మరునాడు తిరిగి వచ్చిన మగవారికి, చమోలీ ప్రయాణం వెనుక జరిగిన కథ అప్పుడు తెలిసింది.

‘పుట్టిల్లు’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. గఢ్వాలీలో దానిని ‘మైత్’ అంటారు. ఆ కొండల ఆడపడుచులకు అత్తవారింటి చాకిరీ నడుమ ఊపిరి తీసుకొనే చోటు అదొక్కటే. అలిసి వస్తే అన్నం పెట్టేది, అడగకుండానే చీర పెట్టి పంపేది పుట్టిల్లు. గౌరాదేవి కన్నవారి ఊరు లాతా నడిచి చేరే దూరంలోనే ఉన్నది. అయినా ఆమె ఆ మాటను అడవికి వాడింది. ఇరవై రెండేళ్ళ ప్రాయంలో దిక్కులేనిదైన నాటి నుంచి రోజూ ఆమె కడుపు నింపినది, పొయ్యి వెలిగించినది, బిడ్డను పెంచిపెట్టినది ఆ అడవే. అందుకే తుపాకి ముందు ఆమెకు మరో మాట తోచలేదు.

తరువాతి సంగతులు గ్రంథాల కెక్కాయి. అప్పటి ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి హేమవతీనందన్ బహుగుణ నిపుణుల సంఘాన్ని నియమించారు. స్త్రీల మాటే నిజమని ఆ సంఘం తేల్చింది. అలకనంద ఎగువ పరీవాహక ప్రాంతంలో సుమారు 1,200 చదరపు కిలోమీటర్ల మేర పదేళ్ళపాటు నరికివేత ఆగిపోయింది. చిప్కో ఉద్యమానికి 1987లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం లభించింది.

కాని ఊరికి దక్కినది వేరు. 1982లో నందాదేవి ప్రాంతాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. మేత బయళ్ళు, మూలికల తావులు గ్రామస్థులకు మూసుకొనిపోయాయి. గొడ్డలిని ఆపిన చేతులనే కొడవలితో లోపలికి రానివ్వలేదు. పుట్టింటిని నిలబెట్టిన ఆడపడుచుకు పుట్టింటి గడప దాటే హక్కు లేకపోయింది. గౌరాదేవి ఆ బాధ చూసే 1991 జూలైలో కన్ను మూసింది. ఊరివారు ఆమె విగ్రహాన్ని నిలుపుకొన్నారు.

ఆ తరువాత ఋషిగంగ మీద 13.2 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం వచ్చింది. పేలుళ్ళ గురించి, ఏట్లో పోసిన రాళ్ళ గురించి గ్రామస్థులు 2019లో న్యాయస్థానం తలుపు తట్టారు. 2021 ఫిబ్రవరి 7, ఆదివారం ఉదయం, ఎగువన రోంతీ శిఖరపు వాలు నుంచి దాదాపు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయీ మంచూ ఒక్కుమ్మడిగా విరిగి పడింది. బురద గోడలా వచ్చిన వరద విద్యుత్ కేంద్రాన్ని, రేణీ వంతెనను మింగి, దిగువన తపోవనంలోని సొరంగాలలోకి దూసుకొనిపోయింది. 200 మందికి పైగా చనిపోయారు, లేదా ఆచూకీ లేకపోయారు. ఆ కొండ విరగడానికి చెట్ల నరికివేత కారణం కాదు. అయితే అంత సుకుమారమైన లోయలో కట్టడాలనూ మనుషులనూ ఏటికి ఎదురుగా నిలపవచ్చునా అన్న ప్రశ్నను గౌరాదేవి ఊరు అప్పటికే అడిగి ఉన్నది.

అదే ఏడాది జూన్ వానలకు ఊరి కింది వాలు జారింది, రహదారి కోసుకొనిపోయింది. కొత్త దారికి చోటు కావలసి వచ్చి గౌరాదేవి విగ్రహాన్ని పెకలించి జోషీమఠ్‌కు తరలించారు. చూస్తున్న స్త్రీలు కన్నీరు పెట్టుకొన్నారు. ఊరు నివాసానికి తగదనీ, వేరే చోటికి తరలించాలనీ భూగర్భ నిపుణులు సూచించారు. విగ్రహాన్ని చేర్చిన జోషీమఠ్ కూడా 2023 జనవరిలో కుంగింది. వందల ఇళ్ళ గోడలు బీటలు వారాయి. 2024లో ఆ పట్టణానికి అధికారికంగా జ్యోతిర్మఠ్ అన్న పేరు స్థిరపడింది. పేరు మారినా నేల అదే.

రేణీ మాత్రం ఖాళీ కాలేదు. తరలి పొమ్మంటే ఎక్కడికి, ఏ పొలానికి, ఏ అడవికి అన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబు దొరికితే గాని కొండమనిషి కదలడు. వాన పడిన రాత్రి ఊరంతా మేలుకొని ఏటి చప్పుడు వింటుంది. తెల్లవారితే స్త్రీలు కొడవళ్ళు తీసుకొని పైకి వెళతారు. వారి తలల మీదుగా, 1974లో నరకకుండా మిగిలిన చెట్లు మునుపటికన్నా పొడుగ్గా నిలిచి ఉంటాయి. ఆ ఊరిలో గౌరాదేవికి ఇప్పుడున్న గుర్తు ఆ చెట్లే.